స్టాక్‌లో ఒదిగే రైఫిల్: ఏఆర్-7కు ఏ మార్పు మేలు, ఏ మార్పు చేటు

అమెరికాలో మూడు వందల డాలర్ల పైచిలుకు పెడితే దొరికే తుపాకుల్లో హెన్రీ కంపెనీ ఏఆర్-7 తీరే వేరు. చేతికి తీసుకున్నప్పుడు అది తుపాకీ అని వెంటనే తట్టదు. అడుగున్నర కూడా లేని ప్లాస్టిక్ దిమ్మ, బరువు కిలోన్నర పైన కొద్దిగా. వెనకున్న మూత లాగితే లోపలి అరల్లో బ్యారెల్ (గొట్టం), రిసీవర్ (తూటాను ఎక్కించి పేల్చే నడిమి భాగం), మ్యాగజైన్లు (తూటాలు పేర్చి తగిలించే రేకు డబ్బీలు) పొందికగా సర్ది కనిపిస్తాయి. ఆ దిమ్మే స్టాక్, అంటే భుజానికి ఆనించే భాగం. అన్నీ తీసి బిగిస్తే 35 అంగుళాల రైఫిల్ తయారవుతుంది. అలవాటైన చేతికి ఒక నిమిషం చాలు, పనిముట్లు అక్కర్లేదు. పనయ్యాక ముక్కలన్నీ మళ్లీ ఆ స్టాక్ కడుపులోకే వెళ్లిపోతాయి.

కొన్నవాళ్లలో చాలామంది దీన్ని అలాగే ఉంచలేరు. స్కోప్ (గురి చూసే దుర్భిణి) పెట్టాలి, పెద్ద మ్యాగజైన్ తగిలించాలి, స్టాక్ మార్చాలి అని మనసు లాగుతుంది. సామాన్లకూ కొదవ లేదు. ఈ మార్పులన్నిటికీ పెట్టాల్సిన పరీక్ష మాత్రం ఒక్కటే: మార్చిన తర్వాత కూడా తుపాకీ మొత్తం తన స్టాక్‌లోకి తిరిగి పడుతుందా? పడితే ఆ మార్పు గురించి ఆలోచించవచ్చు. పట్టకపోతే ఆ తుపాకీ కొన్న కారణమే పోతుంది, చేతిలో మిగిలేది ఓ మాదిరి గురి ఉన్న మామూలు .22 రైఫిల్, అంటే 0.22 అంగుళాల సన్న తూటాది. ఈ మాట ఎందుకు ఇంత గట్టిగా చెప్పాలో తెలియాలంటే అది పుట్టిన చోటికి వెళ్లాలి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా బాంబర్లు ఉత్తర ధ్రువం వైపు, మనిషి జాడ లేని మంచు ప్రాంతాల మీదుగా ఎగరడం మొదలైంది. విమానం కూలి పారాచూట్‌తో దిగిన సిబ్బంది, వెతికేవాళ్లు వచ్చేదాకా ప్రాణం నిలుపుకోవాలి. వాళ్ల సీటు కింద పట్టేంత చిన్న తుపాకీ కావాలని వైమానిక దళం అడిగింది. 1949లో వచ్చిన ఎం4 ఆ అవసరం కోసమే. .22 హార్నెట్ తూటా, ఒక్కో తూటాకూ బోల్ట్ (తూటాను బ్యారెల్‌లోకి తోసే లోహపు కడ్డీ) లాగాల్సిన పద్ధతి, లోపలికి జరిగే తీగ స్టాక్. ఆ తర్వాత 1952 ప్రాంతంలో ఎం6 వచ్చింది. ఇది ఇంకా ఆసక్తికరమైన వస్తువు. ఒకదాని మీద ఒకటి రెండు బ్యారెళ్లు: పైది .22 హార్నెట్ రైఫిల్, కిందది చిన్న గుళ్లు చల్లే .410 షాట్‌గన్. మధ్యలో మడిచి పెట్టుకోవచ్చు. మామూలు ట్రిగ్గర్‌కు బదులు వెడల్పాటి మీట పెట్టారు. చలికి వేళ్లు కొంకర్లు పోయినా, దళసరి గ్లౌజులు తొడుక్కున్నా చేతి పట్టుతోనే నొక్కగలిగేలా ఆ ఏర్పాటు. స్టాక్‌లోనే తూటాలు దాచుకునే గుంటలు కూడా ఉండేవి. అవసరం ఏమిటో ఎరిగి, దానికి తగ్గట్టే కొలిచి చేసిన వస్తువు ఎలా ఉంటుందో ఈ ఎం6ను చూస్తే తెలుస్తుంది.

ఈ వరుసలోకి ఆర్మలైట్ ప్రవేశించింది. ఫెయిర్‌చైల్డ్ అనే విమాన తయారీ సంస్థకు కాలిఫోర్నియాలో ఉన్న చిన్న విభాగం అది. తుపాకుల్లోకి అల్యూమినియం, ప్లాస్టిక్, ఫోమ్ లాంటి విమానాల సరుకు తేవడం వాళ్ల ప్రత్యేకత. అక్కడి డిజైనర్ యూజీన్ స్టోనర్. తర్వాత ఎం16గా ప్రపంచానికి తెలిసిన రైఫిల్‌కు మూలమైన ఏఆర్-15 కూడా ఆయన పని నుంచి వచ్చిందే. ఆర్మలైట్ 1950ల మధ్యలో ఏఆర్-5 అనే సర్వైవల్ రైఫిల్ చేసింది. .22 హార్నెట్ తూటా, విడదీసి స్టాక్‌లో సర్దుకునే ఏర్పాటు, నీళ్లలో పడితే తేలే గుణం. వైమానిక దళం దానికి ఎంఏ-1 అని పేరు పెట్టి ఆమోదించింది కానీ, అప్పటికే గోడౌన్లలో ఎం4లు, ఎం6లు నిండుగా ఉండటంతో పెద్దగా కొనలేదు. పెట్టిన కష్టం వృథా కాకూడదని ఆర్మలైట్ అదే ఆలోచనను సామాన్యుల కోసం మలిచింది. చవకగా, ఎక్కడైనా దొరికే .22 లాంగ్ రైఫిల్ తూటాకు మార్చి, ప్రతి ట్రిగ్గర్ నొక్కుకూ తనంతట తాను తర్వాతి తూటాను ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ పద్ధతి పెట్టింది. 1959లో ఏఆర్-7గా మార్కెట్లోకి తెచ్చింది.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. ఏఆర్-7ను అమెరికా వైమానిక దళం వాడిందని తరచూ వినిపిస్తుంది. వాళ్లు ఆమోదించింది దాని అన్న లాంటి ఏఆర్-5ను. ఏఆర్-7 మొదటి నుంచీ పౌరుల తుపాకీ. దాన్ని సైనికంగా వాడిన పేరు ఇజ్రాయెల్ వైమానిక దళానిది. వాళ్లు బ్యారెల్ పొట్టిగా చేసి, స్టాక్ తీసేసి లోపలికి జరిగేది పెట్టుకున్నారు. పైలట్ సీటు కింద ఎలాగూ వేరే పెట్టె ఉంటుంది కాబట్టి స్టాక్‌లో సర్దాల్సిన పని వాళ్లకు లేదు. సైన్యం కాబట్టి బ్యారెల్ పొడవు మీద పౌర చట్టం ఆంక్షా వాళ్లకు వర్తించదు. ఆ ఫొటోలు చూసి అలాగే చేయాలనుకునేవాళ్లు ఈ రెండు తేడాలూ గమనించాలి.

ఆర్మలైట్ తర్వాత 1973లో ఛార్టర్ ఆర్మ్స్, 1990లో సర్వైవల్ ఆర్మ్స్, 1990ల చివర్లో హెన్రీ రిపీటింగ్ ఆర్మ్స్ దీన్ని చేపట్టాయి. చేతులు మారే కొద్దీ నాణ్యత కూడా మారింది. అందుకే పాత ఏఆర్-7 చవగ్గా దొరికిందని కొనేవాళ్లు ఏ కంపెనీ, ఏ కాలం అని చూడటం అవసరం. పాతవాటి బ్యారెల్ పైన అల్యూమినియం, లోపల గాడులు కోసిన సన్నని ఉక్కు గొట్టం. హెన్రీ వాళ్లది ఉక్కు బ్యారెల్ మీద ప్లాస్టిక్ తొడుగు. పాత రిసీవర్ స్టాక్‌లో పట్టాలంటే మ్యాగజైన్ తీసేయాలి. హెన్రీ మోడల్లో రిసీవర్‌కు ఒక మ్యాగజైన్ తగిలించే సర్దవచ్చు, పక్కన ఇంకొన్నిటికి చోటుంది. రిసీవర్ పైన స్కోప్ బిగించుకునే సన్న గాడి కూడా హెన్రీ చేర్చిందే.

పనిచేసే తీరు దగ్గరగా చూస్తే ఇందులో లోపాలు ఎక్కడి నుంచి వస్తాయో అర్థమవుతుంది. ముందు రిసీవర్‌ను స్టాక్ ముందు భాగంలోకి చొప్పించి, గ్రిప్ అడుగున ఉన్న స్క్రూ తిప్పాలి. తర్వాత బ్యారెల్ వెనక కొసను రిసీవర్‌లోకి తోయాలి. బ్యారెల్ మీద చిన్న బొడిపె, రిసీవర్‌లో దానికి తగ్గ గాడి, రెండూ కలవాలి. అప్పుడు బ్యారెల్ చుట్టూ ఉన్న గరుకు నట్టును చేత్తో బిగించాలి. మొత్తం గురి ఆ నట్టు మీదే ఆధారపడి ఉంటుంది. కొన్ని రౌండ్లు కాల్చాక అది కొద్దిగా వదులవుతుంది. వదులైతే తూటాలు చెదిరి పడతాయి, కాల్చేవాడేమో సైట్లు (గురి చూసే రేకులు) తప్పని వాటిని తిప్పుతూ కూర్చుంటాడు. మొదటి మ్యాగజైన్ అయ్యాక ఒకసారి నట్టు తడిమి చూసుకోవడం ఈ రైఫిల్ యజమానికి ఉండాల్సిన మొదటి అలవాటు. అలాగని ప్లయర్ పెట్టి బిగిస్తే రిసీవర్ అల్యూమినియం కాబట్టి మరలు అరిగిపోతాయి. చేతి బలం చాలు.

బోల్ట్ లాగే పిడి సర్దేటప్పుడు లోపలికి పోతుంది, వాడే ముందు దాన్ని వేలితో బయటికి లాగాలి. అది మరిచి బోల్ట్ లాగబోయి విరగ్గొట్టుకునేవాళ్లు ఉంటారు. ఇంకో సంగతి భద్రతకు సంబంధించినది. చివరి తూటా పేలాక చాలా రైఫిళ్ల బోల్ట్ వెనక్కి ఆగిపోయి, అయిపోయిందని చెబుతుంది. ఏఆర్-7లో ఆ ఏర్పాటు లేదు. తూటా ఉన్నా లేకున్నా పైకి ఒకేలా కనిపిస్తుంది. పదే పదే విడదీసే తుపాకీకి ఇది మామూలు విషయం కాదు. ముక్కలు చేసే ముందు ప్రతిసారీ మ్యాగజైన్ తీసి, బోల్ట్ పూర్తిగా లాగి, ఛాంబర్‌లోకి (తూటా కూర్చునే బ్యారెల్ వెనక కొసలోకి) కళ్లతో చూసి, వెలుతురు లేకపోతే వేలు పెట్టి చూసి, ఆ తర్వాతే నట్టు మీద చెయ్యి వేయాలి. ఖాళీ ఛాంబర్ మీద ట్రిగ్గర్ నొక్కే సరదా కూడా మంచిది కాదు. .22 తూటాలో దెబ్బకు రాజుకునే మందు అంచున ఉంటుంది కాబట్టి పేల్చే పిన్ను అంచునే కొడుతుంది. తూటా లేకపోతే ఛాంబర్ అంచుకే దెబ్బ తగిలి, రానురాను అక్కడ గుంట పడే ప్రమాదం ఉంది.

ఏఆర్-7కు చెడ్డపేరు తెచ్చింది తూటాలు ఇరుక్కోవడం. రైఫిల్ పాడని కొట్టిపారేసే ముందు రెండు చూడాలి: తూటా, మ్యాగజైన్. ఇది బ్లోబ్యాక్ పద్ధతి. తూటా వెనక్కి తన్నే బలమే బోల్ట్‌ను నెట్టి, స్ప్రింగులను అణచి, ఖాళీ తొడుగును బయటికి విసరాలి. చవక రకం, తక్కువ వేగం తూటాల్లో ఆ బలం చాలదు. ముందు భాగం బల్లపరుపుగా ఉన్న తూటాలు ఎక్కేటప్పుడు అంచుకు తగులుతాయి. 40 గ్రెయిన్ల, అంటే రెండున్నర గ్రాముల పైన తూగే గుండ్రటి కొన గుండు ఉన్న తూటా, హై వెలాసిటీ రకం వాడితే సగం గొడవ అక్కడే తీరుతుంది. మిగతా సగం మ్యాగజైన్‌ది. పలుచటి రేకు మ్యాగజైన్ పైఅంచులు కింద పడితే కొద్దిగా వంగుతాయి. ఆ కొద్ది వంపుకే తూటా పైకి చూడాల్సింది పక్కకు చూస్తుంది. పెద్ద మరమ్మతుల జోలికి పోయే ముందు ప్రతి మ్యాగజైన్‌కూ నెయిల్ పాలిష్‌తో ఒక నంబరు వేసి, ఏది ఇబ్బంది పెడుతోందో గమనిస్తే చాలు. తేడా చేసే మ్యాగజైన్‌ను పక్కన పడేయడమే మేలు. ఛాంబర్ అంచు నునుపు చేయడం లాంటివి గన్‌స్మిత్ చేయాల్సిన పనులు. ఇంట్లో ఎమరీ కాగితంతో రుద్దితే పోయిన లోహం తిరిగి రాదు.

ఇప్పుడు మార్పుల సంగతి. అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది, ఖర్చు అతి తక్కువది, సైట్ల పని. వెనక సైట్ చిన్న రంధ్రం ఉన్న రేకు, ముందు సైట్ నారింజ రంగు పలక. కొన్ని చోట్ల, ముఖ్యంగా ఎండిన గడ్డి, ఆకుల మీద ఆ నారింజ రంగు కలిసిపోతుంది. మెరిసే ఆకుపచ్చ లేదా తెల్లటి పెయింట్ చుక్క పెట్టుకుంటే కంటికి వెంటనే ఆనుతుంది. ఎత్తు సరిచేయడానికి వెనక రేకును స్క్రూ వదులు చేసి జరపాలి, పైకి జరిపితే దెబ్బ పైకి పోతుంది. కుడి ఎడమలకు ముందు సైట్‌ను జరపాలి, అదీ దెబ్బ ఎటు పోవాలో దానికి వ్యతిరేక దిశలో. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. 25 గజాల దగ్గర సరిచూసుకుని, సైట్ నిలిచిన చోట సన్నని గీత గీసుకుంటే, తీసి పెట్టడంలో కదిలినా మళ్లీ పట్టుకోవచ్చు. ఈ పనుల్లో ఏదీ తుపాకీ కొలతను వెంట్రుకవాసి కూడా పెంచదు.

స్కోప్ దగ్గరే అసలు పంచాయితీ. గాడి ఉంది కదా అని చాలామంది బిగిస్తారు. చిన్న రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే అద్దం) అయినా సరే, అది ఉండగా రిసీవర్ స్టాక్ అరలో పట్టదు. ప్రతిసారీ తీసి పెట్టాలంటే ప్రతిసారీ గురి మళ్లీ సరిచూసుకోవాలి, దానికి తూటాలూ టైమూ ఖర్చు. పైగా ఈ రైఫిల్ బ్యారెల్ విడిగా ఊడి వస్తుంది, స్కోప్ ఉండేది రిసీవర్ మీద. నట్టు బిగింపులో వచ్చే ప్రతి తేడా స్కోప్‌కూ బ్యారెల్‌కూ మధ్య తేడాగా మారుతుంది. సొంత సైట్లలో కనీసం ముందుది బ్యారెల్ మీదే ఉంది. కంటి చూపు తగ్గి రేకు సైట్లు అసలు కనిపించనివాళ్లకు తప్ప, ఈ తుపాకీ మీద స్కోప్‌కు న్యాయం జరగదు. 25 నుంచి 50 గజాల పనికి చేసిన తుపాకీ ఇది.

స్టాక్ మార్చేవాళ్ల బాధ అర్థం చేసుకోదగ్గదే. అన్నీ లోపల పట్టాలి కాబట్టి అది లావుగా ఉంటుంది, చెంప సరిగా ఆనదు. బ్యారెల్ కింద ఎడమ చేయి పెట్టుకోవడానికి చెక్క కానీ ప్లాస్టిక్ కానీ ఏమీ ఉండదు, రిసీవర్ ముందు భాగాన్నే పట్టుకోవాలి. పిస్టల్ గ్రిప్‌తో, మడిచే తీగతో బయటి కంపెనీల స్టాక్‌లు వచ్చాయి. పట్టు బాగుంటుంది. కానీ బ్యారెల్, మ్యాగజైన్లు మోయడానికి అప్పుడు వేరే సంచీ కావాలి, నీళ్లలో పడితే నేరుగా అడుక్కి పోతుంది. దానికి బదులు ఉన్న స్టాక్ మీదే పని చేయవచ్చు. చెంప ఆనే చోట పలుచటి ఫోమ్ అతికించడం, జారకుండా పారాకార్డ్ తాడు చుట్టడం, మోయడానికి పట్టీ కట్టుకోవడం. తాడు అవసరానికి విప్పుకుని వాడుకోవచ్చు కూడా. హెన్రీ స్టాక్ మూత గట్టిగా పట్టినా నీళ్లు పూర్తిగా ఆపదు, నీళ్లలో ఎక్కువసేపు ఉంటే లోపలికి చెమ్మ దిగుతుంది. పడవలో తీసుకెళ్లేవాళ్లు మూత అంచుకు సన్నని రబ్బరు చుట్టు వేసుకోవడం, లోపలి ముక్కల్ని పలుచటి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకోవడం మంచిది. అరల మధ్య మిగిలే సందుల్లో తుడిచే గుడ్డ, చిన్న నూనె సీసా, బ్యారెల్‌లో దూర్చి లాగే తాడు పట్టించగలిగితే ఏఆర్-7కు చేయగల మార్పుల్లో అదే ఉత్తమం.

పెద్ద మ్యాగజైన్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కంపెనీ ఇచ్చేది ఎనిమిది తూటాలది. బయటివాళ్లవి పొడవెక్కువ, స్టాక్‌లో పట్టవు, స్ప్రింగు బలం చాలక ఇరుక్కోవడం ఎక్కువ. న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో పదికి మించి పట్టే మ్యాగజైన్లపై నిషేధం కూడా ఉంది.

బ్యారెల్ విషయంలో మాత్రం పొరపాటుకు తావే లేదు. కొన్ని రకాల ఆయుధాలకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసే 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ పరిధిలోకి రాకుండా ఉండాలంటే రైఫిల్ బ్యారెల్ 16 అంగుళాలకు, మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గకూడదు. హెన్రీ ఏఆర్-7 బ్యారెల్ 16.125 అంగుళాలు. అంటే చట్టం గీతకూ దీనికీ మధ్య ఉన్న ఎడం సుమారు 3 మిల్లీమీటర్లు! బ్యారెల్ మూతి దెబ్బతింది, కొద్దిగా కోయించి సరిచేద్దాం అనుకుంటే ఆ 3 మిల్లీమీటర్లు ఒక్క కోతకే పోతాయి. అనుమతి లేకుండా అలా పొట్టిదైన రైఫిల్ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. 2026 జనవరి నుంచి పొట్టి రైఫిళ్లకు, సైలెన్సర్లకు ఆ చట్టం కింద కట్టాల్సిన 200 డాలర్ల పన్ను సున్నా అయింది, అంతవరకు నిజం. ముందుగా దరఖాస్తు, ఆమోదం, రిజిస్ట్రేషన్ మాత్రం అలాగే ఉన్నాయి. పన్ను పోయింది కాబట్టి అడ్డు పోయిందనుకోవడం పెద్ద తప్పు. ఛార్టర్ ఆర్మ్స్ ఇదే డిజైన్‌తో ఎక్స్‌ప్లోరర్-2 అనే పిస్టల్ చేసినప్పుడు, దాని పొట్టి బ్యారెల్ రైఫిల్‌కు పట్టకుండా అమరిక గాడి స్థానాన్నే మార్చేసింది. మార్చుకునేవాళ్ల చేతులు ఎటు పోతాయో తయారీదారు ముందే ఊహించాడన్నమాట.

మార్చుకోవడమే అసలు సరదా అయినవాళ్లకు వేరే దారి ఉంది. 2012లో రూగర్ తన 10/22 రైఫిల్‌ను రెండు ముక్కలుగా విడదీసే టేక్‌డౌన్ రూపంలో తెచ్చింది. బరువు రెండు కిలోల పైమాట, పదిరౌండ్ల మ్యాగజైన్, బ్యారెల్ బిగింపు గట్టిది, విప్పి పెట్టినా గురి పెద్దగా కదలదు. 10/22కు దొరికినన్ని విడిభాగాలు ఇంకే .22కూ దొరకవు. మ్యాగ్‌పుల్ కంపెనీ దానికి బ్యాక్‌ప్యాకర్ అనే స్టాక్ కూడా చేసింది. అందులో బ్యారెల్ భాగం స్టాక్‌కే తగులుకుని ఒక్క మూటగా మారుతుంది, లోపల మ్యాగజైన్లు దాచుకోవచ్చు. కాల్చడానికి రూగర్ మెరుగు, మోయడానికి ఏఆర్-7 మెరుగు. రెండు లక్షణాలూ ఒకే తుపాకీలో కావాలని ఏఆర్-7 మీద వందల డాలర్లు పోసేవాళ్లు చివరికి రూగర్ ఖరీదు దాటిపోతారు.

బరువుకు ఇంత విలువ ఎందుకంటే, ఏఆర్-7 బ్యాగ్‌లో ఉండి ఏళ్ల తరబడి వాడకపోవడానికే పుట్టింది. .22 తూటా ఒకటి మూడున్నర గ్రాముల లోపే తూగుతుంది. వంద తూటాలు మూడు వందల యాభై గ్రాములకు మించవు. ఒక్కో తూటా శక్తి సుమారు 190 జౌల్స్, కుందేలు, ఉడుత, అడవికోడి లాంటి చిన్న జంతువులకు సరిపోతుంది. ఎలుగుబంటి ఎదురైతే దీన్ని నమ్ముకోవడం ప్రాణాంతకం. చిన్నది కదా అని తేలిగ్గా తీసుకోకూడదు కూడా. గురి తప్పిన .22 తూటా మైలున్నర దూరం దాకా ప్రమాదమేనని తూటాల డబ్బాల మీదే హెచ్చరిక ఉంటుంది. వెనక మట్టి దిబ్బ లేని చోట దీన్ని పేల్చకూడదు.

అడవిలో చిక్కుకున్న మనిషి ప్రాణం నిలబెట్టడంలో తుపాకీ వాటా ఎంత అన్నది కూడా నిజాయితీగా చూడాలి. తప్పిపోయినవాళ్లను ముందుగా తీసుకెళ్లేది చలి, తర్వాత దాహం. ఆకలికి వారాలు పడుతుంది. చిన్న జంతువుల్ని వేటాడి బతకడంలో మరో చిక్కు ఉంది. కుందేలు మాంసంలో కొవ్వు దాదాపు ఉండదు. కేవలం అది తిని బతికితే కడుపు నిండుతున్నా ఒళ్లు కృశిస్తుంది, విరేచనాలు, నీరసం మొదలవుతాయి. ఆర్కిటిక్‌లో ఏళ్ల తరబడి గడిపిన అన్వేషకుడు విల్హయాల్మర్ స్టెఫాన్సన్ దీన్ని వివరంగా వర్ణించాడు. అంటే బ్యాగ్‌లో రైఫిల్ కన్నా ముందు నిప్పు, నీళ్లు శుద్ధి చేసే మార్గం, వెచ్చటి దుప్పటి, సంకేతం పంపే పరికరం ఉండాలి. అవన్నీ ఉన్నాక మిగిలిన చోటులో పట్టే తుపాకీ ఏదన్నది ప్రశ్న. ఆ చోటు చిన్నది కాబట్టే ఏఆర్-7కు విలువ.

ఈ లెక్క అమెరికావాళ్లది మాత్రమే కాదు. 1965 మార్చిలో అంతరిక్షంలో తొలిసారి నడిచిన అలెక్సీ లియోనోవ్, సహచరుడు పావెల్ బెల్యాయెవ్ తిరిగొచ్చేటప్పుడు వాళ్ల వోస్ఖోద్-2 నౌక దారి తప్పి ఉరల్ ప్రాంతపు దట్టమైన మంచు అడవిలో దిగింది. సహాయం చేరి బయటపడేసరికి రెండు రాత్రులు గడిచాయి. ఆ అనుభవం తర్వాత వ్యోమగాములకు సరైన సర్వైవల్ ఆయుధం కావాలని లియోనోవ్ పట్టుబట్టాడు. ఫలితంగా 1986 నుంచి సోయుజ్ నౌకల్లోకి టీపీ-82 చేరింది. మూడు బ్యారెళ్లు: రెండు షాట్‌గన్‌వి, ఒకటి రైఫిల్‌ది. విడదీయగలిగే స్టాక్ గుడ్డ తొడుగు తీస్తే కొమ్మలు నరికే కత్తి. ఇక్కడా అదే ఆలోచన: మోసుకెళ్లే ప్రతి ముక్కా ఇంకో పని కూడా చేయాలి. దీన్ని తయారు చేసినవాళ్లు చోటు మిగల్చడం కోసం స్టాక్‌ను వాడుకున్నారు, ఏఆర్-7 కొన్నవాళ్లు అందమైన స్టాక్ కోసం ఆ చోటునే వదులుకుంటున్నారు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లలో క్యాంపింగ్, షూటింగ్ రేంజ్ అలవాటు చేసుకుంటున్నవాళ్లు ఉన్నారు. వాళ్లకు రైఫిల్ ఎంపిక కన్నా ముందు వీసా ప్రశ్న వస్తుంది. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో ఎక్కువమందికి వర్తించేది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉండటం. అది గడువు తీరిన రోజు నుంచి ఇంట్లో ఉన్న తుపాకీయే నేరమవుతుంది. కేసు పడితే జైలుతో పాటు వీసా, గ్రీన్‌కార్డ్ ఆశ రెండూ పోవచ్చు. గ్రీన్‌కార్డ్ వచ్చినవాళ్లకు ఈ ఆంక్ష లేదు కానీ రాష్ట్ర నిబంధనలు వేరుగా ఉంటాయి. ఇల్లినాయ్‌లో ముందు ఎఫ్‌ఓఐడీ కార్డు (తుపాకీ యజమాని గుర్తింపు కార్డు) కావాలి, న్యూజెర్సీలో పోలీసులిచ్చే కొనుగోలు గుర్తింపు కార్డు కావాలి. ముక్కలుగా విడదీసి పెట్టినంత మాత్రాన చట్టం దృష్టిలో అది తుపాకీ కాకుండా పోదు. నంబరు చెక్కి ఉన్న రిసీవర్ ఒక్కటే అయినా అది తుపాకీయే. చిన్నపిల్లలున్న ఇంట్లో స్టాక్‌లో సర్దిన ఏఆర్-7 బొమ్మలా కనిపిస్తుంది కాబట్టి, అది తాళం వేసిన పెట్టెలోనే ఉండాలి, తూటాలు వేరే చోట తాళంలో ఉండాలి.

ఇండియాలో ఈ తుపాకీకి చోటు లేనట్టే. యాదృచ్ఛికంగా ఏఆర్-7 లాగే మన ఆయుధ చట్టం కూడా 1959దే. .22 రైఫిల్ లైసెన్స్ దారి ప్రధానంగా రైఫిల్ క్లబ్ సభ్యుల టార్గెట్ ప్రాక్టీస్ కోసం ఉంది, వేటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మూసేసింది. 2019 సవరణతో ఒక వ్యక్తి దగ్గర ఉండగల లైసెన్స్ తుపాకుల సంఖ్య సాధారణంగా మూడు నుంచి రెండుకు తగ్గింది. బ్యారెల్ పొట్టి చేయడం మన చట్టంలోనూ ప్రత్యేకంగా నేరం.

అమెరికా నుంచి ఇంటికి వచ్చేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి ఉంది. రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాగ్‌నే ఊరి ప్రయాణానికి వాడితే, అడుగున కుట్టులో ఇరుక్కున్న ఒక్క .22 తూటా చాలు. శంషాబాద్ అయినా ఢిల్లీ అయినా స్కానర్‌లో అది కనిపిస్తే ఆయుధ చట్టం కింద కేసు నమోదవుతుంది. తెలిసి దగ్గర ఉంచుకున్నది కాదని హైకోర్టులు కొట్టేసిన కేసులు చాలానే ఉన్నాయి, కానీ అక్కడిదాకా వెళ్లేలోపు తిరుగు ప్రయాణం, సెలవు, ఉద్యోగం అన్నీ టెన్షన్‌లో పడతాయి. మూడున్నర గ్రాముల వస్తువు చేతికి తగలకుండా జేబు మూలలో నిలిచిపోవడం చాలా తేలిక. రేంజ్ బ్యాగ్ వేరు, ప్రయాణం బ్యాగ్ వేరు ఉంచుకోవడం ఒక్కటే దానికి విరుగుడు.